నూకరత్నం చిట్టాకి తాళం

తుఫానుకి పదకొండు రోజులు

ఈ పుస్తకం నాకోసం. కచేరీకి చూపించాల్సిన పుస్తకం వేరే ఉంది. అందులో "పొద్దున లేచాను, నాచు ఆరేశాను, అన్నం తిన్నాను" అని రాసి పెట్టాను. ఫిర్యాదు చేసినవాళ్ళు రోజూ ఏం చేశారో సొంత చేత్తో రాయాలట. విచారణ నాడు దస్తూరీ సరిచూస్తారట. గొంతు దొంగిలించడం తేలికే గానీ దస్తూరీ దొంగిలించే ఓపిక ఈ కాలంలో ఎవడికీ లేదని అక్కడి అధికారి చెప్పింది. ఆ పుస్తకంలో జరిగింది జరిగినట్టు రాస్తే మా ఏడో వరస మొత్తం మునుగుతుంది. అందుకని ఇది.

నిన్న మధ్యాహ్నం నాచు తిరగేసి వచ్చేసరికి మా తలుపు మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. "మైలపల్లి నూకరత్నం, ఏడో వరస, పద్నాలుగో తెప్ప. మీ పరపతి అంకె 302. నాలుగువందల లోపు ఉన్నవారి తెప్పలను తుఫానుకి ఒక రోజు ముందు బయటి కట్టుకి లాగుతాం."

మూడుసార్లు చదివాను. మూడువందల రెండా! నాకా! ఈ తెప్పలపేట నీళ్ల మీదికొచ్చిన రోజు నుంచీ ఉన్నదాన్ని నేను. ఏ నెలా ఏ దుకాణానికీ వాయిదా తప్పలేదు. పోయిన నెల నా అంకె 781. మా వరసలో అంత అంకె ఇంకెవరికీ లేదు, ఆ మాట రోజుకోసారైనా ఎవరో ఒకరితో అనకపోతే నాకు తిన్నది అరగదు. ఎవరైనా చిట్టా పాడుచేసుకుంటే తిట్టిపోసేదాన్నీ నేనే. నా చిట్టాకి కాపలా కూడా పెట్టుకున్నాను, నెలకి రెండు కట్టల నాచు ఇచ్చి మరీ. రోజూ పొద్దున్నే గోడ పలక మీద "మీ చిట్టా క్షేమం" అని కబురొస్తుంది.

బయటి కట్టు అంటే అలలకి ఎదురుగా ఉండే పేట అంచు, అదేమిటో మా ఆయన దానయ్యకి చెప్పక్కర్లేదు. తుఫాను వచ్చేముందే అక్కడ కరెంటు ఆపేస్తారు. మా ఆయన ఊపిరితిత్తులు పాడై నాలుగేళ్లయింది. మంచం పక్కన గాలి మిషన్ తిరుగుతుంటేనే ఆయనకి ఊపిరి తిరుగుతుంది. దాని బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది. తుఫాను కనీసం రెండు రోజులు ఉంటుంది.

కాగితం మడిచి రవికలో పెట్టుకున్నాను. ఆయనకి చూపించలేదు. పొద్దున్నే ప్రయాణికుల పడవెక్కి పరపతి కచేరీకి వెళ్లాను.

అధికారి పేరు నాజియా. నవ్వదు, విసుక్కోదు. నా చిట్టా తెరిచి చెప్పింది. పోయిన నెల పద్దెనిమిదో తారీఖు పొద్దున పది గంటలకి, రేవు గిడ్డంగిలో నా పేరు మీద ఆరు లంగరు గొలుసులు, రెండు ఇంజన్లు అరువు పోయాయట. రెండు వారపు వాయిదాలు తప్పాయట.

"నేను కాదమ్మా," అన్నాను.

"మీ గొంతే," అని వినిపించింది.

నేనే. నా గొంతే. నా చిట్టా తెరిచే నా మాటే, "మా ఆయన చేపల పులుసులో చింతపండు ఎక్కువ వేస్తాడు" అని. చివర కొంచెం గొంతు ఎత్తడం కూడా నాలాగే. నేను ఎప్పుడూ నిలబడని చోట నిలబడి నేను మాట్లాడుతున్నాను.

"ఆ రోజు పదింటికి ఎక్కడున్నారు?" అంది నాజియా.

సముద్రంలో ఉన్నాను. నెలకి నాలుగు రోజులు నాచు కోతకి వెళ్తాను, ఆ రోజు కోతలోనే ఉన్నాను. కానీ ఆ మాట చెప్పలేను. ఎందుకంటే అదే గంటలో మాట పలికితేనే నీళ్లిచ్చే మా వరస కొళాయి దగ్గర కూడా నా గొంతు పలికి నీళ్లు పట్టింది.

అది దొంగతనం కాదు, మా ఆచారం. సముద్రంలోకి పోయేవాళ్ళు తమ మాటని చిన్న డబ్బీలోకి పలికి పక్కింట్లో ఇచ్చి పోతారు. పక్కింటివాళ్ళు ఆ డబ్బీ పలికించి నీళ్లు పడతారు, మందులు తెస్తారు. చట్టం ప్రకారం నేరం, ఇచ్చినవాళ్ళ చిట్టా, పుచ్చుకున్నవాళ్ళ చిట్టా రెండూ మూసేస్తారు. అయినా డబ్బీ ఇవ్వకుండా సముద్రంలోకి పోతే "నువ్వు దొంగవి" అని పక్కింటి మొహాన అన్నట్టే. నా డబ్బీ ఉన్నది ఒక్క పైడితల్లి వదిన దగ్గర. పదిహేడేళ్లుగా ఆమె తెప్ప మా తెప్ప పక్కనే.

"ఇంట్లోనే ఉన్నాను, నీళ్లు పడుతున్నాను," అన్నాను.

నాజియా పలక చూసి తలూపింది. "ఒకే గంటలో రెండు చోట్ల మీ గొంతు పలికింది. అందుకే మీ ఫిర్యాదు తీసుకుంటున్నాను. లేకపోతే తీసుకునేదాన్ని కాదు."

తుఫానుకి పది రోజులు

మళ్లీ కచేరీకి. చిట్టాకి తాళం వేయించాను. ఇక ఎవరు నా పేరు మీద ఏది అడిగినా, నా పాత మాట పలికినా, కచేరీ ఒప్పుకోదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. తాళం ఉచితమట, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరైనా వేయించుకోవచ్చట. ఈ సంగతి ఇన్నేళ్లలో నాకే తెలియకపోతే ఇక మా వరసలో ఎవరికి తెలుస్తుంది!

కొత్త మాట ఎంచుకోమంది. ఎంచుకున్నాను. ఈ పుస్తకంలో కూడా రాయను. అది అమల్లోకి రావడానికి ఐదు రోజులు, అప్పటిదాకా కాగితం చూపించి నీళ్లు పట్టుకోవాలి.

విచారణ తుఫానుకి మూడు రోజుల ముందు పడింది. దానికి నిలుపు సాక్షి కావాలట. పదేళ్లకి తక్కువ కాకుండా పక్కన బతికినవాళ్ళు, అంకె ఆరువందలు దాటినవాళ్ళు వచ్చి ఈమే నూకరత్నమని నిలబడి చెప్పాలి. చెప్పినవాళ్ళ చిట్టాని ఏడాదిపాటు నా చిట్టాకి కట్టేస్తారు. నేను అబద్ధమని తేలితే ఇద్దరం కలిసే మునుగుతాం.

తిరిగొచ్చే పడవలో ఒకటే ఆలోచన. నా డబ్బీ ఉన్నది ఒక్కచోటే కదా. అలా అనుకుంటూ వరసలోకి దిగానో లేదో, పైడితల్లి పడవకి కట్టిన గొలుసు కనిపించింది. నల్లగా, నిగనిగలాడుతూ. పోయిన నెల ఆ గొలుసు లేదు.

తుఫానుకి తొమ్మిది రోజులు

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాననుకున్నాను.

కొళాయి దగ్గర పదిహేను మంది ఉన్నారు. పైడితల్లి నాకంటే నాలుగు బిందెల ముందుంది. నోరు ఆగలేదు. ఆపుకోవాలని అనుకోలేదు కూడా.

"ఏం వదినా, కొత్త గొలుసు బాగుందే! ఒకటే కట్టావేం, మిగతా ఐదూ ఎక్కడ దాచావు?"

వెనక్కి తిరిగింది. "ఏమిటి వదినా?"

"ఏమీ తెలియనట్టు అడక్కు! నా డబ్బీ నీ దగ్గరుంది. నా గొంతుతో గొలుసులు కొన్నావా, ఇంజన్లు కూడా కొన్నావా? మా ఆయన ఊపిరి అమ్ముకుని తిందామనుకున్నావా?"

వరసంతా బిగుసుకుపోయింది. డబ్బీ మాట కొళాయి దగ్గర ఎవరూ ఎత్తరు. కొళాయికి చెవులుంటాయి. నేను ఎత్తాను. అందరి గుట్టూ అందరి ముందూ ఎత్తాను. పైడితల్లి మొహం చూశాను, కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

చూశారా, తప్పు చేసింది కాబట్టే నోరు రాలేదు అని నేనే అన్నాను, అందరికీ వినపడేలా.

తుఫానుకి ఎనిమిది రోజులు

పొద్దున తలుపు తీస్తే గడప అవతల పైడితల్లి. చేతిలో నా డబ్బీ. లోపలికి రమ్మంటే రాలేదు. అసలు నేను రమ్మనలేదు, నిజం చెప్పాలంటే.

డబ్బీ గడప మీద పెట్టింది. "అన్నయ్యకి మందులు తేవడానికి, నీళ్లు పట్టడానికి తప్ప ఇది నేను పలికించలేదు," అంది. అంతే. వెళ్లిపోయింది.

ఆమె డబ్బీ కూడా మా ఇంట్లోనే ఉంది, ఉప్పు జాడీ వెనక. తీసి, పిలిచి, ఆమె తెప్ప మీదికి విసిరాను. చేతికివ్వలేదు, విసిరాను.

గోలకి మా ఆయన లేచి కూర్చున్నాడు. ఎర్ర కాగితం సంగతి ఆయనకి చెప్పక తప్పలేదు. అంతా విన్నాడు. ఒక్కో మాటకీ ఆగి, మిషన్ వైపు చూసి, మళ్లీ మాట్లాడతాడు ఆయన.

"పద్దెనిమిదో తారీఖు... పదింటికి... నాకు నీళ్లు పట్టి తెచ్చింది పైడే కదా రత్నం. ఇక్కడ నీళ్లు పట్టినది... రేవులో గొలుసులెలా కొంటుంది?"

నేను తగ్గలేదు. "ఆమె తమ్ముడున్నాడుగా! డబ్బీలోది ఇంకో డబ్బీలోకి ఎక్కించి ఇచ్చుంటుంది."

"నోరు మంచిదైతే ఊరు మంచిది," అన్నాడు, పడుకున్నాడు. ఇక మాట్లాడలేదు. మాట్లాడితే ఆయాసం వస్తుందని కాదు, నాకు తెలుసు.

మిషన్ జల్లెడ విప్పి కడిగాను. కాగితం చూపించి నీళ్లు పట్టుకున్నాను. వరసలో నా ముందున్నవాళ్ళు ముందుకి, వెనకున్నవాళ్ళు వెనక్కి జరిగారు. ఇదివరకు నా చుట్టూ మూగేవాళ్ళు, చిట్టా సలహాల కోసం. మధ్యాహ్నానికి విన్నాను, మా వరసలో ఏడు ఇళ్లవాళ్ళు డబ్బీలు వెనక్కి తీసేసుకున్నారట. కోతకి పోవాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు పోకుండా ఇంట్లో కూర్చున్నారట, నీళ్లు పట్టే దిక్కు లేక.

నేను తప్పేం చేశాను? నా చిట్టా నేను కాపాడుకోకూడదా?

తుఫానుకి ఆరు రోజులు

రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

పొద్దున నాచు కట్టలు కడుతుంటే మా ఆయన గోడ పలక చూసి పిలిచాడు. "రత్నం, నీ కాపలా వాళ్ళు... ఏమంటున్నారో చూడు."

చూశాను. "శుభోదయం. మీ చిట్టా క్షేమం. మీ అంకె 781. ఇట్లు, చిట్టా కాపలా."

రోజూ వచ్చే కబురే. రోజూ చూసి మురిసిపోయే కబురే. నా చిట్టాకి తాళం పడి నాలుగు రోజులైంది. నా అంకె 302 అయి వారమైంది. వీడికింకా 781. పాత కబుర్లన్నీ వెనక్కి తిప్పి చూశాను. దొంగతనం జరిగిన పద్దెనిమిదో తారీఖున కూడా క్షేమం. వాయిదాలు తప్పిన రోజుల్లోనూ క్షేమం. ఒక్కరోజు కూడా వీడు నా చిట్టా మొహం చూడలేదు. కబురు ఒకటి రాసి పెట్టి రోజూ అదే పంపిస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటాను గానీ, మరిచిపోతే కదా.

నెలన్నర కిందట నీలం చొక్కా వేసుకుని ఒకడొచ్చాడు. అమ్మా అన్నాడు, మీ అంత అంకె ఈ పేటలోనే చూడలేదన్నాడు, అంత అంకె ఉన్నవాళ్ళ మీదే దొంగల కళ్ళుంటాయన్నాడు. మజ్జిగిచ్చాను, తాగాడు. కాపలా గట్టిగా పడిందో లేదో చూడాలి, మీ మాట మూడుసార్లు చెప్పండమ్మా అన్నాడు. ఒకసారి మామూలుగా, ఒకసారి గట్టిగా, ఒకసారి జలుబు చేసినట్టు. చెప్పాను. జలుబు చేసినట్టు ముక్కు పట్టుకుని మరీ చెప్పాను, నా బుద్ధి మండ! దొంగ చేతికి తాళాలిచ్చి, పైగా వాడికి నెలనెలా జీతమిచ్చాను.

పడవెక్కి కచేరీకి పరిగెత్తాను. నాజియా అంతా విని పెన్ను కింద పెట్టింది.

"మేం ఎవరి ఇంటికీ రామమ్మా. రావడానికి మాకు పడవే లేదు. ఎవరైనా ఇంటికొచ్చి మీ మాట చెప్పమన్నారంటే వాడే దొంగ. వాణ్ణి వెతకమని రాసుకుంటాను. కానీ విచారణకి సాక్షి మాత్రం ఉండాలి. సాక్షిని తెచ్చుకున్నారా?"

లేదన్నాను.

తిరుగు పడవలో ఇంకో సంగతి గుండెలో పొడిచింది. ఆ నీలం చొక్కావాణ్ణి నేనే చేయి పట్టుకుని వరసంతా తిప్పాను. ఇరవయ్యో తెప్ప సింహాచలం నా మాట విని చేరాడు. పైడితల్లి చేరలేదు. బతిమాలాను, కసిరాను కూడా. నవ్వి ఆమె అన్నది, "నా గొంతుకి నువ్వున్నావుగా వదినా, ఇంకొకడెందుకు?"

దిగగానే ఇంటికి కూడా పోకుండా సింహాచలం తెప్పకి పోయాను. తలుపు సగమే తీశాడు. "వెంటనే కచేరీకి పోయి తాళం వేయించుకో, ఆ కాపలావాడు దొంగ," అన్నాను. నమ్మాలా వద్దా అన్నట్టు చూశాడు. "నువ్వే కదక్కా తెచ్చావు?" అన్నాడు. అవును నేనే తెచ్చానన్నాను. చొక్కా తగిలించుకుని చివరి పడవకి పరుగు తీశాడు.

తుఫానుకి ఐదు రోజులు

సాక్షి కోసం తిరిగాను.

మా వరసలో అంకె ఆరువందలు దాటినవాళ్ళు నలుగురు. ఒకామె, "నేను చెప్తే నా చిట్టా నీకు కట్టేస్తారట కదా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు," అని మొహం మీదే అంది. ఇంకొకాయన ఇంట్లో ఉండి లేడనిపించాడు. దగ్గు వినపడింది. సింహాచలం అంకె నిన్న తాళం వేయించేసరికే పడిపోయి ఉందట, నాలుగువందల ముప్ఫై. వాడి పేరు మీద వల ఒకటి పోయింది. ఇంకా ఏమేం పోవాల్సిందో తాళం వల్ల ఆగింది. వాడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాలుగో మనిషి పైడితల్లి. ఆరువందల నలభై.

మా ఆయన అడిగాడు, "పైడి దగ్గరికి... ఎప్పుడు పోతావు?"

"ఏ మొహం పెట్టుకుని పోనయ్యా?"

"ఉన్నదొకటే కదా," అన్నాడు.

కడుపు మండిపోయింది, అందులోనే నవ్వూ వచ్చింది. వెనక్కి తిరిగి నాచు కట్టలు లెక్కపెట్టుకుంటూ ఏడ్చాను. లాగుడు పడవలు ఇప్పటికే తిరుగుతున్నాయి, ఎవరెవర్ని బయటికి లాగాలో తెప్పల మీద సున్నంతో గుర్తులు పెడుతున్నాయి. మా తెప్ప మీద కూడా పెట్టారు. కడిగినా పోదు అది.

తుఫానుకి నాలుగు రోజులు

పోయాను. మా తెప్ప నుంచి వాళ్ళ తెప్పకి దాటడానికి చెక్క వేసి ఉంటుంది, ఆరడుగులు. పదిహేడేళ్లలో వెయ్యిసార్లు దాటి ఉంటాను, గిన్నె పట్టుకునో, వార్త పట్టుకునో. ఇవాళ దాటడానికి పొద్దు సగమైంది.

పైడితల్లి తెప్ప అంచున కూర్చుని చేపలు తోముతోంది. నేను నిలబడ్డాను. పక్కనే ఆ గొలుసు. దగ్గర్నుంచి చూస్తే తెలిసింది, కొత్తది కాదు. పాత తుప్పు గొలుసుకి నల్ల రంగు పూశారు. ఒకచోట రంగు లేచిపోయి ఎర్రగా కనిపిస్తోంది. కొళాయి దగ్గర నోరు పారేసుకునే ముందు నాలుగడుగులు వేసి చూసి ఉంటే తెలిసేది.

"దొంగ నువ్వు కాదు వదినా," అన్నాను.

"అది నాకు ముందునుంచీ తెలుసు," అంది, చేప మీంచి కళ్ళెత్తకుండా.

నీలం చొక్కావాడి సంగతి చెప్పాను. ముక్కు పట్టుకుని చెప్పానని కూడా చెప్పాను. ఆమె పెదవి కదిలినట్టనిపించింది, లేదేమో. విచారణ సంగతి చెప్పాను. సాక్షి చిట్టా ఏడాది కట్టేస్తారని, నేను ఓడితే తననీ బయటి కట్టుకి లాగుతారని కూడా చెప్పాను. దాచలేదు. దాచాలనిపించింది గానీ దాచలేదు. క్షమించమని మాత్రం నోట రాలేదు. గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది, బెల్లం కొట్టిన రాయిలాగా.

చాలాసేపు చేప తోమింది. తరవాత కత్తి కడిగి అడిగింది.

"ఎన్నింటికి పడవ?"

తుఫానుకి మూడు రోజులు

పడవలో ఆ చివర ఆమె, ఈ చివర నేను. గాలి అప్పుడే తూర్పుకి తిరిగింది.

నా దస్తూరీ సరిచూశారు. కొత్త మాట పలికించారు. తరవాత నాజియా పైడితల్లిని నిలబెట్టి, మీ చిట్టా ఈమె చిట్టాకి కట్టడానికి ఇష్టమేనా అని అడిగింది. ఇష్టమే అని పైడితల్లి చెప్పింది.

"ఈమె మైలపల్లి నూకరత్నమేనా? ఎలా చెప్పగలరు?"

పైడితల్లి నావైపు చూసింది. వారంలో మొదటిసారి నా మొహం చూసింది.

"ఈవిడే," అంది. "పదిహేడేళ్లుగా నా పక్క తెప్ప. నోరు పెద్దది. కొళాయి దగ్గర వరస తప్పి ముందుకొస్తుంది, అడిగితే నా అంకె చూడు అంటుంది. పులుసు రుచి చూడకుండానే ఉప్పు తక్కువంటుంది. మొగుడికి దగ్గొస్తే పొద్దంతా పక్కన కూర్చుంటుంది, ఆయన నిద్రపోయాక ఆయన్నే తిడుతుంది. ఎంత తప్పు చేసినా ఒప్పుకోదు. పోయిన వారం పదిహేను మంది ముందు నన్ను దొంగ అంది. ఈ పేటలో ఇలాంటిది ఇంకొకతె లేదు."

నాజియా రాయడం ఆపేసింది. నాకైతే గోడలోకి దూరిపోదామనిపించింది.

"మిమ్మల్ని దొంగ అన్న మనిషికి మీ చిట్టా కట్టేస్తున్నారు. ఆలోచించుకునే చెప్తున్నారా?"

"ఈవిడ నాకు నచ్చుతుందా అని మీరు అడగలేదమ్మా," అంది పైడితల్లి. "ఈవిడేనా అని అడిగారు. ఈవిడే."

ముద్ర పడింది. దొంగ దొరికేదాకా నా పాత అంకె నిలబెట్టారు. లోపలి కట్టులోనే ఉండొచ్చని కాగితం ఇచ్చారు. కంగారులో కాగితం కిందపడితే పైడితల్లే వంగి తీసి ఇచ్చింది.

తిరుగు పడవలో నేనే ఈ చివర నుంచి లేచి ఆ చివరికి పోయాను. "వదినా," అన్నాను.

"అన్నయ్య మిషన్ ఆగకూడదు. అందుకొచ్చాను," అంది. "నీకోసం రాలేదు. నాతో ఇక్కడ పడవలో ఏం చెప్పొద్దు. నన్ను దొంగ అన్నది ఇక్కడ కాదు కదా."

తుఫానుకి ఒక రోజు

పొద్దున్నే లాగుడు పడవ మా తెప్ప దగ్గరికొచ్చింది. ఇద్దరు మనుషులు సున్నం గుర్తు చూసి కొక్కెం తగిలించబోయారు. కాగితం చూపించాను. అటూ ఇటూ తిప్పి చదివి, ముద్ర గోటితో గీకి చూసి, కొక్కెం తీసేసి పక్క వరసకి పోయారు. లోపల మా ఆయన మిషన్ చప్పుడు వింటూ కాసేపు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆ చప్పుడు నాకు చికాకు. ఇవాళ చికాకుగా లేదు.

తరవాత బిందె పట్టుకుని కొళాయికి పోయాను. తుఫానుకి ముందు రోజు కదా, వరస తెప్పల పొడవునా ఉంది. నలభై మంది ఉంటారు. ఆమెని దొంగ అన్నప్పుడు పదిహేను మందే. పైడితల్లి కొళాయి దగ్గరే ఉంది, ఆమె బిందె నిండుతోంది.

నేను వరస తప్పి ముందుకి పోయాను. ఎవరో గొణిగారు, మళ్లీ మొదలెట్టిందిరా అని.

"అందరూ వినండి," అన్నాను. నా గొంతు పెద్దదే, అయినా ఆ పూట సన్నగా వచ్చింది. మళ్లీ అన్నాను. "పోయిన వారం ఇక్కడే నిలబడి పైడితల్లి వదినని దొంగ అన్నాను. తప్పు నాది. నా మాట దొంగకి చెప్పింది నేను. నా నోటితో నేనే, మూడుసార్లు, మజ్జిగిచ్చి మరీ. వాణ్ణి మీ ఇళ్లకి తెచ్చిందీ నేనే. సింహాచలం నష్టపోయింది నా వల్ల. ఆ నీలం చొక్కావాడికి ఎవరైనా మాట చెప్పి ఉంటే ఇవాళే పోయి తాళం వేయించుకోండి, డబ్బులేమీ అడగరు. నా అంకె చూసి నేను తెలివైనదాన్ని అనుకున్నాను. కాదు. వదిన నా డబ్బీ పదిహేడేళ్లు ఉంచుకుని ఒక్క చుక్క ఎక్కువ పట్టలేదు. నేను తన డబ్బీ విసిరికొట్టాను. క్షమించు వదినా."

డబ్బీ మాట మళ్లీ కొళాయి ముందే ఎత్తానని అన్నాక తెలిసింది. తల కొట్టుకోబోయాను. వరసలో సింహాచలం తల దించుకుని బిందె అంచు తుడుచుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ వచ్చింది, ఆపుకోలేదు.

పైడితల్లి నా వైపు తిరగలేదు. బిందె నిండేదాకా చూసింది. కొళాయి కట్టింది. బిందె నడుముకెత్తుకుంది.

"అయిందా?" అంది.

"అయింది."

"అయితే పోయి వెనక నిలబడు. వీళ్ళంతా నీకంటే ముందొచ్చారు."

పోయి వెనక నిలబడ్డాను.